మూడో ఎనిమిది

బెంగళూరు హోటళ్ళ మీద నాకొక ఫిర్యాదు ఉంది. అక్కడ ఇడ్లీలోకి వేరుశనగ చట్నీ ఇవ్వరు. కొబ్బరి చట్నీ ఇస్తారు. అది తెల్లగా, చల్లగా, ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేనట్టు ఉంటుంది. సాంబారులో బెల్లం వేస్తారు. ఒకసారి సర్వరును పిలిచి "శెనక్కాయ చట్నీ ల్యాదా?" అని అడిగాను. అతను నా ముఖంలోకి జాలిగా చూసి ఇంకో గరిటె కొబ్బరి చట్నీ వేసి వెళ్ళిపోయాడు. ఊళ్ళకు ఊళ్ళు వేరుశనగే పండించే జిల్లాను పక్కనే పెట్టుకుని ఇదేం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఏళ్ళ తరబడి నెలనెలా ఆ చట్నీ తిన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. చట్నీ కోసం అంత దూరం పోలేదు. నాకు రక్తంలో క్యాన్సరు. ఆస్పత్రి అక్కడుంది.

కదిరిలో నాకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. నల్లమాడ దగ్గర మా సొంత ఊరు. అమ్మ, తమ్ముడు నరసింహులు అక్కడే మెట్ట సేద్యం చేస్తారు. గండం గడిచిందని నేను చెప్పను. ఊపిరి తీసుకునేంత తెరిపి అయితే దొరికింది. ఈ తెరిపిలోనే రాసిపెట్టుకుంటే నాకు కొంచెం నిబ్బరం. ఇదే జబ్బుకు ఇదే మందు మింగుతూ, రిపోర్టు చివర్లో అర్థం కాని ఒక్క వాక్యం చూసి చేతులు చల్లబడినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళకు తోడు.

2002, చలికాలం

ఆ ఏడు వానల్లేవు. అంగడిలో పని లేదు. పని లేకుండానే అలసట వచ్చేది. ఎడమ డొక్క కింద ఎవరో తలగడ దోపినట్టు బరువు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. నా భార్య సరోజ తన వంట నచ్చడం లేదేమో అనుకుంది. నేను కాదనలేదు. ఆ అపార్థం పుణ్యాన ఒక వారం పాటు వంట చాలా బాగా కుదిరింది.

తర్వాత రక్త పరీక్ష. కదిరి డాక్టరు కాగితం చూసి, లేచి వచ్చి, నా పక్కనున్న కుర్చీ మీద దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచి కూర్చోమన్నాడు. పెళ్ళి కాకముందు నుంచీ ఆయన దగ్గరికి పోతున్నాను. ఆయన ఎవరికైనా కుర్చీ తుడవడం అదే మొదటిసారి చూడటం. నాకు అప్పుడే విషయం అర్థమైపోయింది. మిగతాది బెంగళూరులో చెప్పారు.

బెంగళూరు డాక్టరమ్మది కన్నడం కలిసిన తెలుగు. కాగితం మీద గీతలు గీసి చూపించింది. తొమ్మిదో నంబరు క్రోమోజోము ముక్క ఒకటి విరిగి ఇరవైరెండో నంబరుకు అతుక్కుందట, దాని ముక్క వచ్చి తొమ్మిదోదానికి అతుక్కుందట. పక్కపక్క చేలవాళ్ళు గట్టు జరుపుకున్నట్టన్నమాట. తేడా ఏమిటంటే, ఇక్కడ పంచాయితీ చెయ్యడానికి పెద్దమనుషులెవరూ లేరు. తెల్లకణాలు అడ్డూ ఆపూ లేకుండా పుట్టుకొస్తాయి.

నేను చదివింది బీయస్సీ బాటనీ. ప్రాక్టికల్సులో ఉల్లిగడ్డ వేరు కొన నలిపి, రంగు వేసి, క్రోమోజోములు చూడమనేవాళ్ళు. నాకు పురికొస ముక్కలు కనిపించేవి. బొమ్మ వేసి, సంతకం పెట్టించుకుని, వాటితో నా సంబంధం తీరిపోయిందనుకున్నాను. అవి చిరునామా కనుక్కుని వస్తాయని లెక్చరరు చెప్పలేదు.

"కొత్త మాత్ర వచ్చింది," అంది డాక్టరమ్మ. "మంచి కణాల జోలికి పెద్దగా పోదు. ఆ చెడ్డదాన్నే పట్టుకుంటుంది. రోజూ మింగాలి. మానకూడదు." ఒక సహాయ పథకం కింద అవి నాకు దొరికే ఏర్పాటు కూడా ఆమే చేసింది. ఆమెకు నేను ఇప్పటికీ సరిగ్గా ఒక దండం పెట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. అమ్మ ఏడవలేదు. సంతకు పోయి ఒక పొట్టేలు పిల్లను తెచ్చింది.

మా వైపు ఊరి గంగమ్మకు మొక్కుకున్న జీవాన్ని దేవర పొట్టేలు అంటారు. చెవి కొసన చిన్న గాటు పెట్టి, పసుపు పూసి, వదిలేస్తారు. ఇక దాన్ని ఎవరూ కట్టెయ్యరు. ఎవరి చేలో మేసినా, ఎవరి గడ్డివామిలో మూతి పెట్టినా అదిలించరు. మొక్కు తీర్చే రోజు దాని మీద పసుపునీళ్ళు చల్లి ఊరంతా చుట్టూ నిలబడుతుంది. అది ఒళ్ళు విదిలించిందా, అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించలేదా, కత్తి పక్కన పెట్టెయ్యాల్సిందే.

అమ్మ దాని చెవి పట్టుకుని గట్టిగా, అందరికీ వినబడేలా మొక్కింది. "నా బిడ్డకు రోగం పూర్తిగా పోయిందని ఆ డాక్టరమ్మ అన్నెపుడు, దీన్ని నీకిస్తా తల్లీ. అంతదంకా ఇది నీదే, నువ్వే మేపుకో."

గంగమ్మ ఆ పని ఊరికి అప్పగించింది.

2003

మాత్ర అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగాలి. మా దగ్గర మాత్ర కంటే ఆ పెద్ద గ్లాసుడు నీళ్ళకే ఎక్కువ ఇబ్బంది. పొద్దున లేస్తే కళ్ళ కింద వాపు. పిక్కలు పట్టేసేవి. అంగడికి వచ్చిన రైతులు నా ముఖం చూసి, "బాగా ఒళ్ళు చేసినావే సామీ," అని సంతోషించేవాళ్ళు. నేను కూడా వాళ్ళ సంతోషం పాడు చెయ్యలేదు.

నెలకొకసారి బెంగళూరు. ఆ వెయిటింగు హాల్లో ఇనుప కుర్చీలు వరసగా ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. ఎవరికి భయం ఎక్కువగా ఉందో కుర్చీలే చెప్పేస్తాయి. అక్కడే హుస్సేనప్ప పరిచయమయ్యాడు. గార్లదిన్నెలో దర్జీ. నాదే జబ్బు, నాదే మాత్ర. మొదటి రోజే క్యాంటీనులో నా పళ్ళెంలోని కొబ్బరి చట్నీ వైపు చూసి, సంచిలోంచి చిన్న సీసా తీశాడు.

"ఇది యేసుకో అన్నా. మా ఇంట్ల ఆయమ్మ దంచినాది. శెనక్కాయ పొడి. ఆ తెల్లది తింటే రోగం ల్యానోనికి గూడా రోగమొస్తాది."

ఆ రోజు నుంచి మా ఇద్దరి అపాయింట్‌మెంట్లు ఒకే రోజు పడేట్టు చూసుకునేవాళ్ళం. కౌంటరులో ఉండే నర్సుకు మేము బంధువులమని చెప్పాడు. ఏ వరసో ఆమె అడగలేదు, మేం తేల్చుకోలేదు.

ఏడాది తిరిగేసరికి నా రక్తం లెక్కలన్నీ దారిలో పడ్డాయి. కడుపులో తలగడ కరిగిపోయింది. "ఇంక ఎముక మూలుగు పరీక్ష చేసి, ఆ చెడ్డ క్రోమోజోము ఎంత మిగిలిందో చూద్దాం," అంది డాక్టరమ్మ.

నడుం వెనక ఎముకలోంచి మూలుగు తీస్తారు. మత్తు ఇస్తారు. నొప్పి ఉండదని చెబుతారు, చాలావరకు నిజమే. కానీ లోపల్నుంచి లాగే ఆ ఒక్క క్షణం, తడి లేని నేలలోంచి వేరుశనగ చెట్టు పీకితే నేలకెలా ఉంటుందో నాకు తెలిసింది.

2004, ఎండాకాలం

ఆ రిపోర్టు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుందన్నారు. ఈలోపు మా ఊళ్ళో ఇంకో సమస్య ముదిరింది.

వరసగా కరువు. ఎద్దులకే గడ్డి లేదు. దేవర పొట్టేలుకు మాత్రం ఏ లోటూ లేదు, ఊరి వాములన్నీ దానివే. ఊరికి పోతే రామప్ప మామ అరుగు మీద నుంచే పలకరించాడు. వరసకు మామ, ఊరికి పెద్ద, నోటికి తలుపు లేదు.

"అల్లుడా, రోగం నిన్ను తింటాండాదో ల్యాదో నాకు తెల్దు. నీ పొట్టేలు మాత్రం నా వామి తింటాండాది."

"అది నాది కాదు మామా, గంగమ్మది."

"అట్లయితే గంగమ్మను ఒక వామి యేసుకోమని చెప్పు."

ఇంటికి పోతే నరసింహులు తల వంచుకుని ఉన్నాడు. వాడు మామూలుగానే తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో మాటల కోటా అంతా నేనే వాడేస్తానని అమ్మ అంటుంది.

"నిన్న దాన్ని ఎవురో రాయెత్తి కొట్టినారన్నా," అన్నాడు. "కాలు కుంటతాండాది. జనాలు నోరు తెరిచి ఏమీ అనరు, దేవరది కదా. నన్ను సూసి మొగం తిప్పుకుంటాండారు. ఇంగా నెల్లాగితే ఆకలికి అదే సస్తాది. మొక్కు పొట్టేలు ఆకలికి సస్తే అంతకన్నా అరిష్టం ఉంటాదా? ఇచ్చేద్దాం."

"డాక్టరమ్మ అనల్ల," అంది అమ్మ. "అన్నెంకనే."

"అంటాదిమా. రగతం బాగుండాదని పోయిన తూరే అన్నాది కదా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. "రిపోర్టు ఎట్లా మంచిదే వస్తాదిలేమా," అన్నాను. "తారీకు ఒకటే తేడా."

ఆ తర్వాతి మంగళవారం గుడి ముందు పొట్టేలును నిలబెట్టారు. పూజారి పసుపునీళ్ళు చల్లాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. పొట్టేలు కదల్లేదు. ఆ ఎండకు ఉన్ని మీద నీళ్ళు చూస్తుండగానే ఆరిపోయాయి. మళ్ళీ చల్లారు. కదల్లేదు. ఇన్విజిలేటరు చూసినట్టు తాపీగా నా వైపు చూసింది. నరసింహులు పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. నాకు నవ్వు రావాల్సిన సమయం. రాలేదు. మూడోసారి చెంబెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించారు. ఒక ఈగ వచ్చి దాని చెవి గాటు మీద వాలింది. పొట్టేలు తల ఆడించింది.

"ఇచ్చినాది! గంగమ్మ సెలవిచ్చినాది!" అని రామప్ప మామ అరిచాడు. డప్పులు మోగాయి.

"తల ఊపినాది," అంది అమ్మ. "ఒళ్ళు ఇదిలించల్ల."

"తల ఒంట్లోది కాదా చెల్లెలా?" అన్నాడు మామ. అప్పటికే అయిపోయింది.

భోజనాల దగ్గర ఆయనే మాంసం నమిలి, "ముదురు," అని తీర్పు చెప్పాడు. అది తిన్న వామి ఆయనది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

అదే ఏడాది, వాన పడని జూన్

డాక్టరమ్మ రిపోర్టును ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. పక్క కుర్చీలో సరోజ. ఆ గది కుర్చీలు ఒకదానికొకటి బిగించి లేవు. అయినా సరోజ కుర్చీ వణకడం నాకు తెలుస్తోంది.

"పాత క్రోమోజోము ఎక్కడా కనిపించలేదు," అంది డాక్టరమ్మ. "చాలా మంచి ఫలితం."

సరోజ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ కాగితాన్ని మా వైపు తిప్పింది.

"ఇంకో సంగతి ఉంది. ఎనిమిదో నంబరు జతగా ఉండాలి. కొన్ని కణాల్లో మూడు ఉన్నాయి. అవి పాత రోగం లేని కణాలే."

"ఎక్కువే కదా మేడమ్, తక్కువ కాలేదు కదా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నా జోకులకు ఆ గదిలో కనీసం మర్యాదకైనా నవ్వేవాళ్ళు. అప్పుడు పట్టుకుంది నాకు భయం.

"ఇది కొత్త జబ్బా?" సరోజ అడిగింది.

"ఇప్పుడైతే కాదు. ఈ మాత్ర వాడుతున్నవాళ్ళలో కొందరికి ఇలా కనిపిస్తోంది. మాత్ర వల్లే వస్తోందా, ముందే మరుగున ఉండి పాతది తప్పుకున్నాక బయటపడిందా, మాకూ తెలీదు. మాత్రే కొత్తది కదమ్మా. చాలామందికి దానంతట అదే పోతోంది. కొద్దిమందికి..."

"కొద్దిమందికి?"

"ఇంకో రకం రక్తం జబ్బులోకి తిరగొచ్చు. అది మొండిది."

"అట్లయితే మాత్ర ఆపేద్దామా?"

"ఆపితే పాతది మళ్ళీ వస్తుంది. ఆపకూడదు. కొన్ని నెలలకొకసారి మూలుగు చూస్తూ ఉందాం. చూద్దాం."

ఆ 'చూద్దాం' తర్వాతి ఎనిమిదేళ్ళు మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

రోజూ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒక ఆలోచన వచ్చేది. నన్ను బతికిస్తున్నది ఇదే. ఆ మూడో ఎనిమిదికి నీళ్ళు పోస్తున్నది కూడా ఇదేనేమో. తెలీదు. పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగేవాణ్ణి.

తిరుగు బస్సులో సరోజ అంది, "అత్తకు చెప్పొద్దు."

"ఏ సంగతి? మొదటిదా, రెండోదా? ఒకటి చెప్పి ఒకటి దాస్తే రేషను అంగడి లెక్క మాదిరి..."

"జోకులు యెయ్యొద్దప్పా," అంది. గొంతు పెంచలేదు. "నాకు భయమైతాండాది. నువ్వు జోకేస్తే నేను ఒక్కదాన్నే భయపడాల్సొస్తాది."

బాగేపల్లి దాటేవరకూ నేను నోరు తెరవలేదు. నా జీవితంలో అది రికార్డు. అంతసేపూ నా చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది.

ఊళ్ళో అమ్మ వాకిట్లోనే ఎదురైంది. "పూర్తిగా పోయింది అన్నాదా?"

"పాతది పూర్తిగా పోయిందంట," అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. "పాతదా? అంటే కొత్తది ఉండాదా?"

నేను చెప్పులు విడిచే పనిలో పడ్డాను. సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మకు అది చాలు. నరసింహులు దొడ్లో ఎద్దుకు నీళ్ళు పెడుతున్నాడు. అమ్మ అక్కడికి పోయింది.

"తల ఊపినాది రా అది," అంది. "ఒళ్ళు ఇదిలించల్యా."

వాడు బకెట్టు కింద పెట్టేశాడు. ఆ రోజు నుంచి అమ్మ వాడితో మాట్లాడటం మానేసింది. వండేది, పెట్టేది, కంచం ముందు పెట్టి లోపలికి పోయేది. నేను పోయి, "తొందరపడింది వాడొక్కడే కాదుమా, నేనూ సరే అన్నా కదా," అని చెప్పాను. "నువ్వు రోగిష్టోనివి, నీ మాటకు విలువ ల్యా," అంది. తమ్ముడి శిక్షలో నాకు వాటా కూడా దక్కలేదు.

నాకు కణాల సంగతి కొంత తెలుసు. పొట్టేలుకూ ఎనిమిదో నంబరుకూ సంబంధం లేదని తెలుసు. కానీ రాత్రిపూట పక్క మీద పడుకుంటే ఆ ఈగ గుర్తొచ్చేది. బీయస్సీలో ఈగ గురించి ఏమీ చెప్పలేదు.

2005

తర్వాతి పరీక్షలో మూడో ఎనిమిది ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది, కొంచెం ఎక్కువగా. డాక్టరమ్మ "చూద్దాం" అనడానికి ముందు తీసుకునే విరామం పెరిగింది. మూలుగు మార్చాల్సి వస్తే తోబుట్టువులది సరిపోతుందేమో ముందే చూసి పెట్టుకుందామంది. నరసింహులు రక్తం ఇచ్చి పోయాడు. సరిపోలేదు. ఆ మాట ఫోనులో చెప్పాను. "నా దాంట్లో ఏం తక్కువుండాదంట?" అని అడిగాడు. ఏమీ తక్కువ లేదురా, వేరే అంతే అన్నాను. వాడు నమ్మలేదు.

ఒక నెల హుస్సేనప్ప రాలేదు. తర్వాతి నెలా రాలేదు. కౌంటరు నర్సును అడిగాను. "మీ బంధువే కదా, మీకు తెలీదా?" అంది.

ఆ తర్వాతి నెల, నేను ఎప్పుడూ కూర్చునే వరసలో ఒకావిడ వచ్చి నిలబడింది. చేతిలో సీసా. "కదిరి అన్న మీరేనా?" అంది. "మా ఇంటాయప్పకు మందు పట్టడం మానేసినాది. శానా ఏగినాడు. ఇది మీకిచ్చి రమ్మని చెప్పి పోయినాడు." కూర్చోమన్నాను. కూర్చోలేదు. బస్సుందని వెళ్ళిపోయింది. గార్లదిన్నె నుంచి అంత దూరం ఆ సీసా కోసమే వచ్చింది. ఆ రోజు క్యాంటీనులో దాని మూత తీయలేకపోయాను. ఇంటికి తెచ్చాక సరోజ తీసింది. ఇద్దరం అన్నంలో కలుపుకుని తిన్నాం. పొడి కారంగా ఉంది కాబట్టి కళ్ళల్లో నీళ్ళకు వేరే కారణం చెప్పుకోనక్కర్లేకపోయింది.

ఆ ఏడాది వాన పడింది. నమ్మలేనంత మంచి వాన. ఊళ్ళన్నీ విత్తే గొర్రులు కట్టాయి. మా దగ్గర విత్తే పదును, అంటే నేలలో తడి, రెండు మూడు రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో మా రైతు పెళ్ళిళ్ళకు పోడు, చావులకూ కష్టం మీద పోతాడు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం పట్టుకుంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం. చేతుల మీద ఎర్రచుక్కలు. కదిరిలో రక్తం చూస్తే తెల్లకణాలూ పడిపోయాయి, ప్లేట్‌లెట్లూ పడిపోయాయి. ఆ మొండిదాంట్లోకి తిరిగితే మొదట ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. సరోజకూ తెలుసు. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.

బెంగళూరులో చేర్చుకున్నారు. మళ్ళీ మూలుగు తీశారు. మరుసటి రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిస్తే మంచం పక్కన నరసింహులు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి ఎండి ఉంది.

"గొర్రు యాడ పెట్టినావు?" అని అడిగాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"చేన్లోనే ఉండాది."

"సగంలో వదిలేసి వచ్చినావా? పదును పోతాది కదరా!" సరోజ గోడకానుకుని అంది.

"పోతే మళ్ళీ వస్తాదిలే వదినా," అన్నాడు.

మా జిల్లాలో ఆ మాట అన్న రైతును నేను అంతకుముందు చూడలేదు. తర్వాతా చూడలేదు.

ఫలితం వచ్చేదాకా వాడు వరండాలో బల్ల మీదే ఉన్నాడు. సరోజ తినమంటే తిన్నాడు, వద్దంటే మానేశాడు. డాక్టరమ్మ అటుగా పోయినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆమె ఒకసారి నన్నడిగింది, "మీ తమ్ముడు నన్ను చూస్తే ఎందుకలా భయపడతారు?" "మిమ్మల్ని చూసి కాదు మేడమ్, గంగమ్మను చూసి," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అది విడమర్చే ఓపిక నాకు లేదు.

చివరికి ఆమే వచ్చి చెప్పింది. తిరగలేదు. మాత్రే మూలుగును అణిచేసింది. కొన్ని వారాలు ఆపి, తగ్గించి, మళ్ళీ మొదలుపెడదాం. మూడో ఎనిమిది ఉంది, పెరగలేదు. చూద్దాం.

నరసింహులు వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు కదిలాయి. ఒళ్ళంతా విదిలించినట్టు కదిలింది. చూసిన నాకు ఒక మాట తట్టింది కానీ, ఆ రోజు అనలేదు. ఇంతవరకూ వాడితో అనలేదు.

ఊరికి పోయాం. అమ్మ వాకిట్లో నిలబడి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. ఏడాది పైన అయింది వాడితో మాట్లాడి.

"ఎంతవరకు ఇత్తినావు?"

"రేగుచెట్టు దాకా."

"మిగిలింది కూలోళ్ళను పెట్టి ఇత్తించినా. పో, కాళ్ళు కడుక్కో. అన్నం తిందువు."

వాడు కాళ్ళు కడుక్కోలేదు. సైకిలెక్కి ఎటో పోయాడు. సందె వేళకు మెడ చుట్టూ ఒక పొట్టేలు పిల్లను వేసుకుని వచ్చాడు. అమ్మ దాని చెవి పట్టుకుంది. "ఈ తూరి డాక్టరమ్మ నోటితో అనల్ల," అంది. "'పూర్తిగా పోయింది, ఇంగ రావద్దు' అనల్ల. రగతం బాగుండాది, కాగితం బాగుండాది అంటే కుదర్దు."

2012

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. పాత క్రోమోజోము తిరిగి రాలేదు. మూడో ఎనిమిది తగ్గుతూ వచ్చింది. ఒక పరీక్షలో అసలు కనిపించలేదు. ఆ రోజు సరోజ హోటల్లో రెండో ఇడ్లీ అడిగి తింది, కొబ్బరి చట్నీతోనే. తర్వాతి పరీక్షలో మళ్ళీ ఒకటి రెండు కణాల్లో తొంగిచూసింది. అంతే ఉంది.

ఇదే దారిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. మాత్ర మానొద్దు, భయపడి అసలే మానొద్దు. రిపోర్టులో అర్థం కాని మాట కనబడితే మీ డాక్టరునే అడగండి, బీయస్సీ చదివిన బంధువును కాదు. 'తెలీదు' అని చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి. మీతో వచ్చేవాళ్ళను కొంచెం భయపడనివ్వండి, మీరూ పక్కన కూర్చుని భయపడండి. ఇంకోటి, ఫలితం రాకముందే విందు పెట్టొద్దు.

పోయిన నెల ఉండబట్టలేక డాక్టరమ్మతో అన్నాను. "మేడమ్, 'పూర్తిగా పోయింది, ఇంక రావద్దు' అని ఒక్కసారి అంటారా? మా ఇంట్లో ఒకరు ఎదురు చూస్తున్నారు."

"ఎవరు?"

"పొట్టేలు."

కథంతా విని ఆమె చాలాసేపు నవ్వింది. ఆ గదిలో నాకు నవ్వించేవాడన్న పేరు తిరిగి వచ్చినట్టయింది. నవ్వాక కళ్ళద్దాలు తుడుచుకుని, "అబద్ధం చెప్పలేను. దాన్ని ఇంకొన్నాళ్ళు మెయ్యనివ్వండి. చూద్దాం," అంది.

కాబట్టి అది మేస్తోంది. పిల్లగా వచ్చినది ఇప్పుడు కొమ్ములు రెండు చుట్లు తిరిగి, గడ్డం నెరిసి, పెద్దమనిషిలా ఊళ్ళో తిరుగుతోంది. ముందు పళ్ళు అరిగిపోయాయి. ఎండుగడ్డి నమల్లేదు. అమ్మ రోజూ వేరుశనగ చెక్క నానబెట్టి మెత్తగా పిసికి పెడుతుంది. నరసింహులు రాత్రి చలికి దాని మీద గోనెపట్టా కప్పుతాడు. దేవర జీవాన్ని ఇంట్లో కట్టెయ్యకూడదు, కాబట్టి కట్టెయ్యలేదు. అదే వచ్చి మా గడప పక్కన పడుకుంటుంది.

మొన్న ఆదివారం ఊరికి పోయి అరుగు మీద కూర్చున్నాను. నేను మధ్యాహ్నం మాత్ర మింగుతుంటే అమ్మ పక్కనే కూర్చుని దానికి చెక్క తినిపిస్తోంది. రామప్ప మామ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూశాడు. నా కళ్ళ కింద వాపు చూశాడు. నా చేతిలో గ్లాసు చూశాడు. మళ్ళీ పొట్టేలును చూశాడు. అమ్మ చెయ్యి చెక్క గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏమప్పా అల్లుడా," అన్నాడు, "ఇంతకీ ముందు ఎవురు? నువ్వా, ఇదా?"